జలపాతం దగ్గర ముప్పై అయిదు నిమిషాలు

నన్ను జలపాతం దగ్గర మరిచిపోయి వెళ్ళిపోయినవాళ్ళే, డెబ్బై అయిదేళ్ళు దాటినవాళ్ళు తోడు లేనిదే ఇకమీదట యాత్రలకు రాకూడదని నిబంధన పెట్టారు. మా బృందంలో డెబ్బై అయిదు దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. నిబంధనలో నా పేరు రాయలేదు, అంతే తేడా.

తప్పు ఎవరిదో చదివినవాళ్ళు తేల్చుకోవచ్చు. ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని వేళలతో సహా రాస్తున్నాను.

మేం మెల్‌బోర్న్‌కు ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో ఉంటాం. మా అమ్మాయి శారద దగ్గరికి వచ్చి నాకు తొమ్మిదేళ్ళయింది. ఇక్కడి తెలుగు పెద్దవాళ్ళం నెలకో రెండు నెలలకో ఒక చిన్న బస్సు మాట్లాడుకుని ఎటైనా వెళ్ళొస్తుంటాం. ఏర్పాట్లన్నీ మధు చూస్తాడు. నలభై దాటిన మనిషి, కంప్యూటర్ ఉద్యోగం. వాళ్ళమ్మగారు మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేరు. అయినా మా కోసం తన శనివారాలు పాడుచేసుకుంటాడు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

మార్చిలో ఆట్వే అడవుల్లోని హోప్‌టౌన్ జలపాతం, మే నెలలో ఎచూకా దగ్గర మర్రే నది మీది ఆనకట్ట అని నిర్ణయమైంది. ఆ రెండోదాని కోసం రెండేళ్ళుగా మధు ప్రాణం తీస్తున్నది నేనే. అక్కడ ఆనకట్ట పక్కన పడవలు దాటే లాకు ఉంది. నేను గోదావరి కాలువ లాకుల దగ్గర ముప్పై రెండేళ్ళు లస్కరుగా చేశాను. తలుపులు తిప్పి పడవలు దాటించడం, తూములు ఎత్తడం, దించడం, పూటపూటా నీటిమట్టం రాయడం నా పని. అయిదో తరగతితో బడి ఆగిపోతే, ఇంజనీర్లు పారేసిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. సరుకంతా పడవ దిగి లారీ ఎక్కాక మా లాకుల తలుపులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఇంకా తలుపులు తిరిగే లాకు ఒకటి మూడు గంటల దూరంలో ఉందని తెలిశాక చూడకుండా ఎలా ఊరుకుంటాను?

సరే, జలపాతం సంగతి. శనివారం ఉదయం ఏడింటికి కమ్యూనిటీ సెంటర్ కార్ పార్కులో కలవమన్నారు. నేను ఆరూ నలభైకే ఉన్నాను. బస్సు ఏడూ ఇరవై అయిదుకు కదిలింది. మనవాళ్ళకు అది వేళకు కదిలినట్టే. మధుతో కలిపి ఇరవై ఇద్దరం. డ్రైవరు నాయుడు ఫిజీ తెలుగువాడు. తాతల కాలంలో చెరకు తోటల పనికి వెళ్ళిన కుటుంబం. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ఇంకా నాలుక మీద ఉంది.

"ముందల కూకో తాతా, దోవ బాగా కనపడతాది" అన్నాడు నన్ను చూసి.

జీలాంగ్ దాకా అతని పక్కనే కూర్చున్నాను. నా అసలు సీటు మూడో వరుసలో సుగుణమ్మ గారి పక్కన. ఆమెది కరీంనగర్. నోరు పెద్దది, పెట్టే చెయ్యి అంతకంటే పెద్దది. నన్ను అన్నా అంటుంది. జీలాంగ్ నుంచి కోలాక్ దాకా ఆమె చేసిన సకినాలు తింటూ వెనకాల కూర్చున్నాను. కోలాక్ తొమ్మిదీ యాభైకి చేరాం. అక్కడ పార్కు బల్లల మీద ఇడ్లీలు, ఫ్లాస్కుల్లో కాఫీ. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు అక్కడే పని ముగించుకోవడం మంచిది, ముందు దారంతా అడవి.

ఇక్కడ మధు మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి చెప్పాలి. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం అతనికి మహా మొహమాటం. "స్కూల్లో అటెండెన్స్ లాగా ఏం పిలుస్తానంకుల్, మీరంతా మా పేరెంట్స్ ఏజ్" అంటాడు. అందుకని బస్సెక్కేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, మనిషికొకటి చొప్పున ఏదో ఒకటి చేతిలో పెడతాడు. జీలాంగ్‌లో నీళ్ళ సీసా, కోలాక్‌లో అరటిపండు. చేతిలో సరుకు అయిపోతే అందరూ ఎక్కినట్టు లెక్క.

"బాబూ, అరటిపండ్లు ఎక్కాయని తెలుస్తుంది గానీ మనుషులు ఎక్కారని ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ట్రస్ట్ మీ అంకుల్, సిస్టమ్ వర్క్స్" అని నవ్వాడు.

కోలాక్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ అడవిలోకి ఎక్కుతుంది. రెండు పక్కలా తాటిచెట్టు మొదలంత లావు యూకలిప్టస్ మానులు, వాటి కింద గొడుగులు విప్పినట్టు పెద్ద ఫెర్న్ చెట్లు. పట్టపగలే బస్సులో దీపాలు వేసుకోవలసి వచ్చింది.

"గింత అడవిల పులులుంటయా అన్నా?" అంది సుగుణమ్మ గారు.

"పులుల్లేవు. జలగలున్నాయి."

"అయితే నేను దిగ. పులైతే ఒక్కసారే తింటది."

దిగింది. అందరికంటే ముందు దిగింది.

పదకొండున్నరకు జలపాతం చేరాం. టికెట్టు లేదు, దుకాణం లేదు, ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటి లేదు. పన్నెండున్నరకు బస్సు దగ్గర ఉండాలని మధు చెప్పాడు. కార్ పార్కు పక్కనే పైనుంచి చూసే చోటు ఒకటి ఉంది. అసలు చూడాలంటే రెండు వందల మెట్లు దిగాలి. మోకాళ్ళు బాగుంటేనే దిగండి, కమ్మీ తడిగా ఉంటుంది. కింద చెక్క వేదిక మీద నిలబడితే ఎదురుగా నీరు ఒక్క ఊపున రాయి మీంచి దూకి, నాచుపట్టిన బండల మధ్య తెల్లగా విరిగి, నల్లటి మడుగులో పడి నెమ్మదిస్తుంది. ఆ చల్లదనం ముఖానికి తగలగానే మాటలాగిపోతాయి. మా వాళ్ళు కూడా వరసగా కమ్మీకి ఆనుకుని చూశారు. తర్వాత ఫోటోలు మొదలుపెట్టారు.

నాకు నీరు చూస్తే ఎంత పోతోందో తెలియాలి. ముప్పై రెండేళ్ళ అలవాటు. మడుగు దాటి ఏరు సాగే చోట రెండు బండల మధ్య పది గజాలు ఉంటుందని కంటితో అంచనా కట్టుకున్నాను. కొట్టుకొచ్చే బెరడు ముక్క మొదటి బండ దాటగానే గడియారం చూసి, రెండో బండ చేరేసరికి ఎన్ని సెకన్లు పట్టిందో గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి చూస్తే లెక్క కాదు, కనీసం మూడుసార్లు చూడాలి. ముక్కను మనం వెయ్యకూడదు, అక్కడ బోర్డు మీద రాశారు. అదే కొట్టుకొచ్చేదాకా కాచుకోవాలి. మూడో ముక్క ఎంతకీ రాలేదు. తీరా లెక్క తేలితే, మా పిల్లకాలువ తూము సగం ఎత్తితే వచ్చే నీరు. అంత కొంచెం నీటికి ఇంత వైభవం ఎలా వచ్చిందా అని మరి కాస్సేపు నిలబడ్డాను.

పైకి ఎక్కేసరికి పన్నెండూ యాభై అయిదు. ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యమైన మాట నిజం. దాచను. కానీ బస్సు లేదు.

కార్ పార్కులో చక్రాల జాడలు తప్ప ఏమీ లేవు. ముందు కోపం వచ్చింది. తర్వాత నా మందుల సంచీ బస్సులో ఉందని గుర్తొచ్చింది. అప్పుడు భయం కూడా వచ్చింది. కాసేపటికి తెల్ల దంపతులిద్దరు కారు దిగారు. గడ్డపాయన నన్ను ఎగాదిగా చూసి "యూ రైట్, మేట్?" అన్నాడు.

"నాట్ రైట్. మై బస్ వెంట్" అన్నాను.

కోలాక్‌లో దింపుతామన్నారు. వద్దన్నాను. మావాళ్ళు వెతుక్కుంటూ వచ్చేసరికి నేను ఉండవలసిన చోట లేకపోతే, అప్పుడు నిజంగా తప్పిపోయినట్టవుతుంది. ఆవిడ కారులోంచి మడతకుర్చీ తెచ్చి వేసింది, ఫ్లాస్కులో టీ పోసింది. జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్ళు చూడకుండా నా పక్కనే నిలబడిపోయారు. చూసి రండన్నా కదల్లేదు.

ఒంటిగంటన్నరకు బస్సు తిరిగొచ్చింది. ఆగకముందే తలుపు తీసుకుని మధు దూకాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఎక్కడికెళ్ళిపోయారంకుల్?"

"నేనెక్కడికీ వెళ్ళలేదు బాబూ. వెళ్ళింది మీరు."

వెనకే సుగుణమ్మ గారు. ఏడుపూ తిట్లూ కలిపే వచ్చాయి. "నా పానం పోయిందన్నా! నువ్వు ముందల డ్రైవర్ కాడ కూసున్నవనుకున్న. అన్నకు నేనిస్తతీ అని నీ పులిహోర డబ్బ గూడ నేనే తీస్కున్న. గా నీళ్ళల్ల ఏం బంగారం దొరికిందని కూసున్నవయ్యా?"

అదీ జరిగింది. బస్సెక్కేటప్పుడు మధు ఈసారి పులిహోర డబ్బాలు ఇచ్చాడు. నా డబ్బా ఆమె తీసుకుంది. డబ్బాలు సరిగ్గా అయిపోయాయి. నేను డ్రైవరు పక్కన ఉన్నానని ఆమె అనుకుంది. "నువ్వు యెనక ఆయమ్మ పక్కన ఉండావనుకున్నా తాతా" అన్నాడు నాయుడు, తల దించుకుని. కొద్ది మైళ్ళ అవతల రెడ్‌వుడ్ చెట్ల తోపులో చాపలు పరిచి, నా డబ్బా నాకివ్వడానికి ఆమె లేచినప్పుడు గానీ నేను లేనని ఎవరికీ తెలియలేదు. నా మీద ఆమెకున్న ప్రేమ వల్లే, బస్సులో లేని నేను లెక్కలో నిలబడ్డాను. ఇందులో ఎవరిని తిట్టాలి?

ఆ తోపుకే తీసుకెళ్ళి అన్నం పెట్టారు. రెడ్‌వుడ్ చెట్లు తప్పక చూడండి, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. నేను తింటుంటే అందరూ చుట్టూ కూర్చుని చూశారు. ప్రతివాళ్ళూ తమ డబ్బాలోంచి ఒక ముద్ద తీసి నా డబ్బాలో పెట్టారు. వద్దంటే వినలేదు. మూడింటికి బయల్దేరాం. కోలాక్‌లో టీ. అక్కడ బస్సెక్కేటప్పుడు మధు చేతిలో ఏమీ లేదు. ఒక్కొక్కరి భుజం తాకి పైకి పంపాడు, నా భుజం రెండుసార్లు తాకాడు. జీలాంగ్ దాటాక వెనక సీట్లలో అంత్యాక్షరి మొదలైంది. ఆరున్నరకు క్రెయిగీబర్న్. ఎనిమిది గంటల ప్రయాణానికి ఆ కొంచెం నీరు తగునా అని ఎవరైనా అడిగితే, తగునని చెబుతాను. ఆ మనుషులతో అయితే తప్పకుండా తగును.

మంగళవారం వాట్సాప్‌లో యాత్రల కమిటీ పేరుతో నిబంధన వచ్చింది. పెద్దల భద్రత దృష్ట్యా అని మొదలుపెట్టారు. మే నెలలో శారదకు ఆఫీసు సెలవు లేదు. తోడు లేదంటే నాకు మర్రే నది లేదు.

"వాళ్ళు మీ మంచికే కదా నాన్నా" అంది శారద.

"నా మంచి నన్నడగకుండా ఎలా తెలిసిందమ్మా?" అన్నాను.

కాగితం మీద నాలుగు పేజీల ఉత్తరం రాసి, నడిచివెళ్ళి మధు ఇంటి ఉత్తరాల డబ్బాలో వేశాను. నేను తప్పిపోలేదు, నీ లెక్క తప్పింది అని రాశాను. వయసు మీద నిబంధన పెట్టారు, మొహమాటం మీద ఎందుకు పెట్టలేదని అడిగాను. ఇంకా ఎన్ని లాకులు చూస్తానో నాకే తెలియదని కూడా రాశాను. అది రాయకుండా ఉండవలసింది. పదకొండు రోజులు జవాబు లేదు. పన్నెండో రోజున ఫోన్లో వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా దింపుతున్నాను:

"నమస్తే అంకుల్. నాకు తెలుగు చదవడం స్లో. మీ లెటర్ అమ్మ చదివి వినిపించింది. సగంలో ఆపి నన్ను తిట్టి, మళ్ళీ చదివింది. రూల్ రాసింది కమిటీ కాదు, నేనే. ఆ రోజు బస్సు తిరిగొస్తుంటే, అక్కడ మీరు ఉండరేమోనని నా కాళ్ళు వణికాయి. మళ్ళీ అలా వణకలేక రాశాను. మీ సేఫ్టీ అని పెట్టాను గానీ అది నా భయం. రూల్ తీసేశాను. మే రెండో శనివారం ఆరున్నరకు బస్సు. మీ పక్క సీటు నేను తీసుకుంటానంటే సుగుణమ్మ ఆంటీ ఒప్పుకోవడం లేదు. ఆ విషయం మాత్రం మీరే మాట్లాడుకోండి, నా వల్ల కాదు."