బాపు కారు, అక్క కొలువు

ఇప్పుడు నేను చెప్పబోయేది మహాకావ్యానికి సరిపోయే కథ. ఇందులో ఒక వీరుడున్నాడు, తెల్లని రథం ఉంది, పొద్దుగూకేలోపు నెరవేరకపోతే ఒక ఆడపిల్ల బతుకే తలకిందులయ్యే ప్రతిజ్ఞ ఉంది. మధ్యలో అడవి కూడా ఉంది. కాకపోతే ఆ వీరుడు బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మా బాపు. రథం ఎనిమిది వందల సీసీ పాత కారు. అడవిలో మాకు ఎదురైన ఏకైక మృగం రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రె. కాబట్టి కావ్యం సంగతి మర్చిపోండి. ఇది ఒక పాత కారును ఇంట్లోనే బాగుచేసుకున్న కథ. మూడు రోజులు బాగుచేశాం గనుక నాలుగో రోజు కదలని కథ.

మొన్న ఆదివారం జనగామలో మా అద్దె ఇంటి ముందు ఆ కారును చూడటానికి ఒకాయన వచ్చాడు. టైర్లను కాలితో తన్ని, బానెట్ మీది దుమ్ములో వేలితో ఒక గీత గీసి, "హిస్టరీ ఏమన్న ఉన్నదా తమ్మీ?" అన్నాడు. యాక్సిడెంట్ల గురించి అడుగుతున్నాడని నాకు తెలుసు. అయినా "మస్తున్నదన్నా, కూసో" అన్నాను. ఆయన కూర్చోలేదు. మోగని ఫోను చెవికి పెట్టుకుని అట్నుంచి అటే వెళ్లిపోయాడు. వినేవాడు పోయినా చెప్పాలనే దురద పోలేదు కనుక, మిగిలింది మీరు.

అప్పుడు మేం భూపాలపల్లిలో ఉండేవాళ్లం. బాపు రిటైరవగానే ఎవరో వాడి వదిలేసిన ఈ కారును కొన్నాడు. మెకానిక్‌కు చూపించడమంటే ఆయనకు నామోషీ. "ముప్పై ఏండ్లు బొగ్గు టబ్బులు గుంజే మిషిన్లను బాగుచేసిన. గీ డబ్బా నాకో లెక్కనా?" అనేవాడు. అసలు బాధ అక్కడే మొదలైంది. ఆ మిషిన్లు ఏనుగుల్లాంటివి, వాటి బోల్టులు బిగించాలంటే స్పానరుకు పైపు తగిలించి మీదెక్కి ఊగాలి. కారు బోల్టు చిటికెన వేలంత. బాపు దాన్నీ అదే భక్తితో బిగించేవాడు. అది పుటుక్కున విరిగేది. "గిది బోల్టా, పుల్లైసా!" అని కంపెనీని తిట్టేవాడు. కారుతో వచ్చిన పుస్తకం విప్పమంటే, "పుస్తకం చూసి రిపేరు చేసెటోడు ఫిట్టరు కాదు, స్టూడెంటు" అనేవాడు. పనిలో బాయి పద్ధతులే నడిచేవి. పొద్దున ఫస్టు షిఫ్టులో అమ్మ టార్చిలైటు పట్టుకోవాలి, మధ్యాహ్నం సెకండు షిఫ్టులో నేను. నాకు జీతం లేదు, తిట్లు మాత్రం ఓవర్‌టైముతో సహా వచ్చేవి.

ఇట్లా ఉండగా అక్కకు టీచరు ఉద్యోగం వచ్చింది. బయ్యారం వైపు ఒక ఊరి బడి. మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, జిల్లా ఆఫీసుకు వెళ్లి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు చేరుతున్నట్టు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం పోయినట్టే. నాలుగేళ్లు చదివి, రెండుసార్లు ఒకటీ అర మార్కుతో తప్పి, మూడోసారి తెచ్చుకున్న ఉద్యోగం అది. మంగళవారమే బస్సెక్కుతానంది. బాపు ఒప్పుకోలేదు. "నా బిడ్డె మొదటిసారి కొలువుకు పోతాంటె, సంకల సంచి వెట్టుకొని బస్సుల నిలవడి పోతదా? మన బండిల పోదాం" అన్నాడు. మంగళవారం బ్రేకు మెత్తగా ఉందని ఆపాడు. బుధవారం బ్రేకు గట్టిగా ఉందని ఆపాడు. గురువారం పెట్రోలు వాసన వస్తోందని కారు కిందికి దూరి, పైపు మార్చేదాకా బయటికి రాలేదు. "బాపూ, నువ్వు బండి తయారు చేసేలోపు నేను రిటైరైత" అంది అక్క. "రేపు పక్కా బిడ్డా" అన్నాడు బాపు, కారు కింద నుంచి, కాళ్లతో మాట్లాడుతున్నట్టుగా.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి బాపు కొత్త తెల్లంగీ తొడిగి, జేబులో అక్క సంతకానికని కొత్త పెన్ను పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, తాళం తిప్పాడు. ఇంజిన్ కుర్రు కుర్రుమని తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. పదోసారికి కుర్రు కుర్రు కాస్తా మూలుగైంది. నిమ్మకాయలు క్షేమంగా ఉన్నాయి.

ఆ తర్వాతి మూడు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. బాపు ప్లగ్గులు విప్పాడు, తుడిచాడు, ఊదాడు, బిగించాడు. కొత్త పెట్రోలు పైపును తిట్టి, విప్పి, మళ్లీ అదే వేశాడు. మా ఇంటి ముందు నుంచే ఒక బస్సు పోయింది. అక్క సంచి తీసుకుని లేవగానే "పది నిమిషాలు ఆగు బిడ్డా" అన్నాడు. ఆ పది నిమిషాల్లో గంట అయిపోయింది. రెండో బస్సూ పోయింది. "ఇంకో పది నిమిషాలకు మూడోది కూడ పోతది, అది గూడ చూసి పోదాం" అన్నాను నేను. అక్క నన్ను చూసిన చూపుకు కారు స్టార్టు కావాల్సింది, కాలేదు. అమ్మ వాకిట్లోకి వచ్చి, "నీ కారు మన్నువడ! నా బిడ్డె కొలువు మింగుతవా ఏందయ్యా?" అని మూడిళ్లకు వినపడేలా అడిగింది. బాపు అప్పటికే తుడిచిన ప్లగ్గును మళ్లీ తుడవసాగాడు. నాకు ఆ పూట జోకులు అయిపోయాయి.

వరసకు చిన్నాయనయ్యే ఎదురింటి కాక ఇదంతా తన ఇంటి ముందు గద్దె మీద కూర్చుని, చాయ తాగుతూ చూస్తున్నాడు. ఆయనా బాపూ ఒకే బాయిలో, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. కాక కుడిచేతికి మూడే వేళ్లు. చిన్నప్పటి నుంచీ అట్లాగే చూశాం గనుక, అందరి కాకలకూ అంతేనేమో అనుకునేవాణ్ని. చాయ గ్లాసు పక్కన పెట్టి వచ్చి, ఇంజిన్ వైపు చూడకుండా బాపు వైపు చూశాడు.

"అన్నా, నిన్న పెట్రోలు పైపు విప్పేటప్పుడు పంపు ఫ్యూజు పీకినవా?"

"పీకకుండ ఎట్ల విప్పుతరా?"

"మల్ల ఏడున్నది?"

బాపు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. జేబులో పెన్ను ఉంది. "నిన్నటి అంగి ఏదే?" అన్నాడు అమ్మతో. "దండెం మీద. పొద్దుగాల్నే ఉతికిన" అంది అమ్మ. అందరం పెరట్లోకి పరుగెత్తాం. గుండీ పెట్టిన తడి జేబులో, నీలం రంగులో, గోరంత ఫ్యూజు మెరిసిపోతోంది. మా కారులో అంత శుభ్రంగా ఉతికిన భాగం మరొకటి లేదు. "బండకేసి మూడుసార్లు కొట్టిన. ఏందో తాకుతాంటె గుండీ అనుకున్న" అంది అమ్మ, నేరం తన మీదికి రాకుండా. స్టీరింగు కింది డబ్బాలో, ఆ చీకట్లో చేత్తో తడుముతూ ఫ్యూజు పెట్టేసరికి బ్యాటరీ దిగిపోయి ఉంది. నేనూ, అమ్మా, మూడు వేళ్ల చేత్తో కాకా నెడితే, కారు దగ్గి, తుమ్మి, బతికింది. నేను పరుగెత్తి వెనక సీట్లో ఎక్కేసరికి పదకొండున్నర అయింది.

ములుగు దాటాం. నర్సంపేట తోవ పట్టాక అక్క అడిగింది. "అసలు ఫ్యూజు జేబుల ఎందుకు ఏసుకుంటవ్ బాపూ? బండి మీద్నే పెట్టొచ్చు గదా?"

బాపు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మీ కాక గట్లనే వెట్టిండు. ఫ్యూజు పీకి గోడ మీద వెట్టి, బొగ్గు మోసే బెల్టు మిషిన్ల చెయ్యి వెట్టిండు. ఎవడో మంచోడు వచ్చి, కింద పడతదేమో అని తీసి మల్ల దాని జాగల వెట్టిండు. అయ్యాలటి సంది, మిషిన్ల చెయ్యి వెట్టినోని జేబులనే ఫ్యూజు ఉండాలె."

"కారుల అంత పెద్ద బెల్టు లేదు గదా బాపూ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అలవాటు కొద్దీ అన్నానంతే.

అక్క వాచీ చూసుకుంది. బాపు మాత్రం ఇరవై కిలోమీటర్లకోసారి ఇంజిన్‌కు విశ్రాంతి ఇస్తూనే ఉన్నాడు. గూడూరు దగ్గర ఆరబోసిన మిరప ఘాటుకు ముగ్గురం తుమ్ముతుంటే, "ఇంజన్ల నుంచి ఏదో వాసనస్తాంది" అని మళ్లీ ఆపాడు. "అది మిర్చి బాపూ! మిర్చి! నడుపు!" అని అక్క అరిచిన అరుపుకు కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. బాపు దెబ్బకు గేరు వేశాడు. ఆ కారు అరవై దాటడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాలుగూ నలభైకి ఆఫీసు ముందు ఆగాం. అక్క పరుగెత్తింది. బాపు లోపలికి రానన్నాడు, చేతులకు గ్రీజుందట. మెట్ల దగ్గరే నిలబడి, తలుపు వైపు చూస్తూ, పెన్ను ఇవ్వడం మర్చిపోయానని పావుగంట బాధపడ్డాడు. అక్క బయటికి వచ్చి "అయిపోయింది బాపూ" అన్నాక మెట్ల మీదే కూలబడి, తెల్లంగీకే చేతులు తుడుచుకున్నాడు.

అక్క ఇప్పుడు సీనియర్ టీచరు, స్కూటీ మీద తిరుగుతుంది. కారు నా చేతికొచ్చి జనగామ చేరింది. కాలం గడిస్తే అన్నీ వాటంతటవే తెలుస్తాయని పెద్దలంటారు. నిజమే, కాకపోతే పనికొచ్చే పూట దాటాకే తెలుస్తాయి. పోయిన ఎండాకాలం స్టీరింగు కింద దుమ్ము తుడుస్తూ ఫ్యూజుల డబ్బా మూత ఊడదీసి మొదటిసారి వెలుతురులో చూశాను. బాపుకు ఇంకా చెప్పలేదు. ఆ మూత లోపలివైపు ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో మూడు స్పేరు ఫ్యూజులు ఉన్నాయి. కంపెనీ వాళ్లే పెట్టి పంపుతారు.