రెండు ముళ్లతో సికింద్రాబాదు

ఛాతీకి ఎక్స్‌రే తీయించుకోవడానికి భార్యను సికింద్రాబాదు తీసుకుపోయే వాళ్లకు ముందుగా ఒక మాట. ఇంటి నుంచే ఒక పసుపు కొమ్ము పట్టుకుపొండి. మాకు ఈ ముక్క ఎవ్వరూ చెప్పలేదు.

నేను శామీర్‌పేటలో దర్జీని. మా ఆవిడ మల్లమ్మకు మూడు నెలలుగా దగ్గు. ఊరి హకీం నాడి చూసి, నన్ను పక్కకు పిలిచి, క్షయ కావచ్చు, పెద్ద దవాఖానకు తీసుకుపో అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మల్లమ్మ మాత్రం, "ముందుగాల ఆ లాగులు కుట్టు. నేను సచ్చేదాక జనం బట్టల్లేకుంట తిరుగుతరా?" అంది.

తెల్లవారుజామున నాలుగింటికి ఎడ్లబండి కట్టించాను. ఏడున్నరకు మేడ్చల్ స్టేషను చేరాం. ఎనిమిదిన్నరకు రావలసిన రైలు తొమ్మిదింబావుకు వచ్చింది. యుద్ధం రోజులు కదా, మూడో తరగతి పెట్టె నిండా సికింద్రాబాదు పోయే సిపాయిలే. ఉన్న ఒక్క ఖాళీ చోట్లో ఒక మూట కూర్చుని ఉంది. పక్కన మూట తాలూకు ముసలమ్మ.

"మూటకు టిక్కెట్టు తీసినవా?" అన్నాను.

"నీ నోటికి తీసినవా?" అంది ఆమె.

మేడ్చల్ నుంచి పసుపు తెచ్చి సికింద్రాబాదు స్టేషను బజారులో అమ్ముతుందట. అందరూ ఖాలా అని, అంటే పిన్ని అని పిలుస్తున్నారు. ఇంతలో మల్లమ్మకు దగ్గు తెర వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు జరిగిపోయారు. ఖాలా మాత్రం మూటను ఒళ్లోకి లాక్కుని, "రా బేటీ, కూసో. నీ మొగుడు నిలవడతడు, నోరున్నోడు" అంది. గౌడవెల్లి దాటి, బొల్లారం దాటి, సికింద్రాబాదు దాకా నేను నిలబడే ఉన్నాను.

పదకొండింటికి దవాఖానలో మా వంతు వచ్చింది. ఎక్స్‌రే గది మనిషి ఒంటి మీద బంగారం, వెండి అన్నీ తీయమన్నాడు. మల్లమ్మ కమ్మలు తీసింది, ముక్కుపుల్ల తీసింది. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి గుప్పిట బిగించింది.

"ఈయన బతికుండంగ మెడ బోసిగ ఎట్లుంచుకుంట? ఎంత కోపమొచ్చినా గా పని జెయ్యలే."

"తియ్యకపోతే ఎక్స్‌రే లేదు" అన్నాడతను.

ముందు భర్త పసుపు కొమ్ము కడితే, అప్పుడు పుస్తెలు తీయవచ్చు. మా ఇళ్లలో అదే పద్ధతి. అతను అరగంట గడువిచ్చాడు. నేను పరుగు అందుకున్నాను. రెండు కిరాణా దుకాణాల్లోనూ పసుపు పొడే ఉంది, కొమ్ము లేదు. చివరికి స్టేషను బజారుకు ఉరికి, ఖాలా ముందు తల దించుకుని నిలబడ్డాను. సంగతి విని ఆమె మూటంతా వెతికి బలమైన కొమ్ము తీసింది.

"పైసలొద్దు. పొద్దుగాల మాట వాపస్ తీస్కో."

తీసుకున్నాను.

దారం నా జేబులోనే ఉంది. దర్జీని కదా! ఎక్స్‌రే గది గుమ్మంలో మల్లమ్మ నాకు వీపు తిప్పి కూర్చుంది. బెంచీల మీద రోగులంతా దగ్గులు మాని చూస్తున్నారు. ఒక తాత నోటితోనే బాజా మొదలుపెట్టాడు. ఇంకొకాయన, "పెండ్లి బువ్వలెక్కడ?" అని అడిగాడు. అందరూ నవ్వారు, మల్లమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెళ్లినాడు కట్టినప్పుడు, ఈమె పోతే నేనేమైపోతాను అన్న భయమే లేదు. ఎట్లాగో ముళ్లు వేసి, పుస్తెలు లోపలి జేబులో పెట్టుకున్నాను.

ఎక్స్‌రే తీసి, నాలుగింటికి రమ్మన్నారు. దవాఖాన గోడ నీడన జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు తిన్నాం. తిన్నాం అంటే, ఆమె తింది. ఎడమ చెయ్యి మాత్రం మెడ వెనక నుంచి తీయలేదు.

"నొస్తాందా?" అని పదిసార్లు అడిగి ఉంటాను.

"ఏం లేదు. గా రొట్టె తిను."

నాలుగుంబావుకు డాక్టరు తడి ఆరని ఫిలిం కిటికీకి అడ్డంగా పట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"క్షయ కాదు. నిమ్ము చేసి పూర్తిగా తగ్గలేదు. మందు తాగాలి, పాలు, గుడ్లు తీసుకోవాలి."

నేను నేల మీద కూలబడి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. మల్లమ్మ నన్ను చూపించి, "సారూ, ఈయనకు గూడ ఒక ఎక్స్‌రే తియ్యిన్రి" అంది.

తిరుగు రైలు ఐదున్నరకు. ఖాలా ఖాళీ మూటను మడిచి దాని మీదే కూర్చుని, మా ఇద్దరికీ చోటు ఆపింది. బొల్లారంలో సిపాయిలు దిగిపోయాక పుస్తెలు తీశాను.

"ఆగు. ముందుగాల గిది పూర్తి జెయ్యి" అని మల్లమ్మ వీపు తిప్పి, పొద్దుటి నుంచి తీయని చెయ్యి తీసింది.

చూస్తే రెండే ముళ్లు ఉన్నాయి. అవీ వదులైపోయాయి. రోజుకు వంద ముళ్లు వేసే చేతులు నావి!

"అప్పుడే చెప్పొద్దా?"

"చెప్తే అపశకునమని గక్కడనే పడిపోదువు. నీ చేతులు వణుకుడు నాకు తెల్వదా? అందుకే పట్టుకొని కూసున్న."

బతుకుతుందో లేదో తేలవలసింది ఆమె. పొద్దంతా పడిపోకుండా పట్టుకున్నది నన్ను.

"జల్దీ ఎయ్యి భయ్యా, గౌడవెల్లి వస్తాంది, జనం ఎక్కుతరు" అంది ఖాలా.

మూడో ముడి వేశాను. మల్లమ్మ వేలితో ఒకటీ, రెండూ, మూడూ అని తడిమి లెక్కపెట్టుకుంది. అప్పుడు గాని పుస్తెలకు మెడ వంచలేదు.