అడ్డం పెట్టిన చెయ్యి

1983లో వానలు మొదలైన రోజుల్లో నన్ను అమలాపురం కేంద్రానికి శిక్షణాధికారిగా వేశారు. బుద్ధి ఎదుగుదల తక్కువైనవారిని దూరాలకు పంపకుండా సొంత ఇంట్లోనే చూసుకునే పద్ధతి మా వైపు అప్పుడే మొదలైంది. ఊరూరా తిరిగే కార్యకర్తలకు తర్ఫీదు ఇవ్వడం, అందుకు పాఠాలు తయారు చేయడం నా పని. మా సూత్రం చిన్నదే. మనిషి గొడవ చేస్తే కొట్టకూడదు, కట్టేయకూడదు. గొడవకు ముందు ఏం జరిగిందో, తరువాత ఏం జరిగిందో చూడాలి. ఆ గొడవ ఏ అవసరం కోసమో, అది తీరడానికి మంచి దారి నేర్పాలి. పై ఆఫీసువారు ఇందుకోసం బొమ్మల అట్టలు పంపించారు. వాటిలో అందరూ బల్లల ముందు కూర్చుని స్పూన్లతో తింటున్నారు. అల్లవరంలో విప్పి చూపిస్తే మా కార్యకర్తలు నవ్వు ఆపుకోలేకపోయారు.

అదే ఊళ్లో సత్యం సంగతి మాత్రం నవ్వులాట కాదు. కొబ్బరితోటలున్న సుబ్బారాయుడుగారి అబ్బాయి, ఇరవై దాటినవాడు, మాట రాదు. రోజూ భోజనం దగ్గర కంచం విసిరికొట్టేవాడు. వచ్చే ఆదివారం పట్నం తీసుకెళ్లి మానసిక చికిత్సాలయంలో చేర్పించాలని తండ్రి నిశ్చయించారు. అలా అక్కడ వదిలేసినవారిని మళ్లీ ఇంటికి తెచ్చుకున్న కుటుంబం నా ఎరుకలో లేదు.

కార్యకర్త వెంకటలక్ష్మి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. గమనించడానికే వెళ్లాం. కానీ కోనసీమలో భోజనం వేళకు వెళ్లి ఊరికే గమనించి వస్తామంటే సాగుతుందా? అరిటాకులు పడ్డాయి. తల్లి సీతాయమ్మగారు గరిటె పట్టారు. కాసేపటికి నేను “చాలండీ” అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆయ్, అలాగేనండి. ఈ ఒక్క గరిటెడేనండి” అంటూ ఆవిడ నా వేళ్ల మీదుగానే పప్పు వేశారు.

నాకు కొత్తేమీ కాదు, నేనూ రాజోలు దాన్నే. మా వైపు వద్దంటే మొహమాటమని అర్థం. ఆ మాట నమ్మి గరిటె ఆపితే మర్యాద తెలియనివాళ్ల కింద లెక్క. వేళ్లు దులుపుకుంటూ పక్కకు చూశాను. సత్యం కూడా కంచం మీద చెయ్యి పెట్టాడు. అన్నం పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. కంచం వెళ్లి గోడకు తగిలింది. వడ్డన ఆగింది!

ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. “చాలు” అని అతనికి చెప్పడం వచ్చు! విన్నవాళ్లే లేరు. కంచం విసిరితే మాత్రం అందరూ వింటున్నారు.

కాబట్టి పాఠం సత్యానికి కాదు, గరిటెకు. మర్నాడు శిక్షణ తరగతిలో బొమ్మల అట్టలు పక్కన పెట్టి, నిజం విస్తళ్లు వేసి, ఇసుక వడ్డించుకున్నాం. చెయ్యి అడ్డం వస్తే గరిటె ఆగాలి, అంతే. ఒక్కరికీ చేతకాలేదు! వెంకటలక్ష్మి చెమటలు తుడుచుకుని, “ఆపుదామంటే చెయ్యి ఆగట్లేదండీ మేడంగారూ, పాపం చేసినట్టుందండి” అంది. సీతాయమ్మగారిని కూడా పిలిపించాం. ఆవిడ సాయంత్రం దాకా ఇసుక వడ్డించారు.

శనివారం భోజనానికి తండ్రి ఎదురుగా కూర్చున్నారు. సత్యం చెయ్యి పెట్టాడు. గరిటె సగం వంగింది గానీ ఆగింది. అతను చెయ్యి తీసి తల్లి మొహం చూశాడు, మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగింది. పకపకా నవ్వి, కంచంలో ఉన్నదంతా తినేశాడు.

“అయితే వీడు ఇన్నాళ్లూ చాలనే చెప్పేడాండీ?” అన్నారు సుబ్బారాయుడుగారు. నేను తలూపాను. ఆయన కొడుకు ఖాళీ కంచం వైపు చూశారు. ఆ తరువాత, “రేపటి ప్రయాణం మానేసేమండి” అన్నారు. ఆ సంబరంలో సీతాయమ్మగారు అడ్డం పెట్టిన నా చేతి మీద గరిటెడు పులుసు పోసేశారు.

చుట్టాలొచ్చిన రోజుల్లో ఆ ఇంట్లో కంచాలు మళ్లీ ఎగిరేవి. వాళ్లకూ ఇసుక పాఠం చెప్పాల్సి వచ్చింది. మేము సొంతంగా తయారు చేసిన మొదటి అట్ట మీద అరిటాకు, అడ్డం పెట్టిన చెయ్యి, ఆగిన గరిటె గీయించాను. ప్రవర్తన పాఠం రాసే ముందు అది ఎవరి ప్రవర్తన గురించో తేల్చుకోవాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఆ తరువాత ఏ ఇంటికి వెళ్లినా ముందు గరిటె పట్టినవారినే చూశాను.