నేను తగ్గించి పంపిన ఐదు సెంటీమీటర్లు

ఐదు సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా నా గుండె మీద ఉన్న బరువు అంతే. వింటే నవ్వొస్తుంది కదా? కానీ దాన్ని నేనొక్కదాన్నే మోయలేదు. నాకంటే ఎక్కువగా మరొకావిడ మోసింది, తప్పు తనదే అనుకుని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.

మాది కోనసీమ. దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన అప్పట్లో అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఎలక్ట్రీషియన్, వారానికోసారి వచ్చేవారు. మా ఫ్లాట్‌లోనే పక్కగదిలో రత్నక్క ఉండేది. పాలకొల్లు వైపు మనిషి. ఒక అరబ్బుల ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని. నాకు తోడబుట్టిన అక్క లేదు. ఉన్నా ఇంతకంటే బాగా చూసుకునేది కాదు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకి ఐవీఎఫ్ మొదలుపెట్టాం. కరోనా మాస్కులు ఇంకా తీయని రోజులు. పొట్ట మీద ఇంజెక్షన్లు రత్నక్కే చేసేది. సూది నాకు గుచ్చుతూ కళ్లు మాత్రం తను మూసుకోబోయేది, నేను అరిస్తే తెరిచేది. తీసిన అండాలు ఇరవై దాటాయి. నేను సంబరపడ్డాను. డాక్టరమ్మ సంబరపడలేదు. మందులకి అండాశయాలు మరీ ఎక్కువగా ఉబ్బాయని, పొట్టలో నీరు చేరవచ్చని చెప్పింది. నీరు చేరుతుంటే పిండాన్ని ఇప్పుడు లోపల పెట్టకూడదట. ఫ్రీజ్ చేసి దాచి, రెండు నెలలు ఆగాలట. వాపు ఉండగానే గర్భం నిలిస్తే అది ఇంకా ముదిరి ప్రాణం మీదికి వస్తుందని కూడా చెప్పింది. అందుకే రోజూ పొద్దున్నే బొడ్డు మీదుగా చుట్టుకొలత తీసి నర్సుకి మెసేజ్ పెట్టమన్నారు.

ఆ రెండు నెలలు మా దగ్గర లేవు. మా ఆయన సైటు పని ఖలాస్, అయిపోయింది, నెలాఖరుకి వీసా రద్దు చేస్తామని వాళ్ల ముదీర్, అంటే మేనేజరు, చెప్పేశాడు. ఆయన వీసా పోతే నాదీ పోతుంది. పిండాలేమో ఇక్కడ ఫ్రీజర్‌లో, మేమేమో ఊళ్లో. మళ్లీ ఎప్పుడు వస్తాం? అసలు వస్తామా? పిండం పెట్టే రోజు దాకా ఉన్న ఆ నాలుగు రోజులూ నా బుర్రలో ఇవి తప్ప ఇంకేమీ లేవు.

ఎవరికి వాళ్లు కొలుచుకుంటే వెనక టేపు జారిపోతుంది. అందుకని పనికి వెళ్లే ముందు రత్నక్క కొలిచేది. నేనే నేర్పాను, సెంటీమీటర్లు ఏ పక్కన ఉంటాయో, టేపు ఎంత బిగించాలో. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. పరీక్ష రాసే పిల్లలా ఊపిరి బిగబట్టి కొలిచి, నా జాకెట్ల కొలతల పుస్తకంలో చివరి పేజీలో లావుపాటి అంకెలు వేసేది. డెబ్బై ఎనిమిది. ఎనభై. ఎనభై మూడు. ఎనభై ఐదు.

నేను పంపినవి వేరు. డెబ్బై ఎనిమిది. డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. ఎనభై.

వెనకాడలేదా అంటారా? లేదు. అదే నాకు ఇప్పటికీ సిగ్గు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లందరూ అడిగేది ఒక్కటే, కొలత పెరిగిందా అని. లేదండీ, అలాగే ఉన్నారు అంటాను. తర్వాత వాళ్లకి తెలియకుండా లోపల అంగుళం లూజు వదిలి కుడతాను. వాళ్లూ సంతోషం, నేనూ సంతోషం. పదేళ్లుగా నోటికి అలవాటైన అబద్ధం. నా ఒంటికి కూడా అదే చెప్పాను. కానీ ఒళ్లేమన్నా జాకెట్టా, లోపల లూజు వదలడానికి?

పిండం పెట్టే రోజు కొంచెం నీరు కనిపిస్తోందని డాక్టరమ్మ ఆగింది. ఆయాసం ఉందా, నొప్పి ఉందా అని అడిగింది. రెండూ ఉన్నాయి. లేవన్నాను. నా అంకెలు మరోసారి చూసుకుని, సరేనని పెట్టింది.

పది రోజులు తిరిగేసరికి పడుకుంటే ఊపిరాడేది కాదు. పొట్ట నిండు చూలాలి పొట్టలా బిగిసిపోయింది. తాగిన నీళ్లు వాంతి అయ్యేవి. రత్నక్క పని మానేసి, నా వీపుకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఉడికించిన గుడ్ల తెల్లసొన చిన్నచిన్న ముక్కలు చేసి తినిపించేది. చివరికి అంబులెన్సు పిలిచిందీ తనే. ఆస్పత్రిలో పొట్టకి గొట్టం వేసి నీరు తీశారు. గర్భం నిలిచిందని కూడా అప్పుడే చెప్పారు.

మా ఆయన ముసఫ్ఫా నుంచి పని బట్టలతోనే పరిగెత్తుకొచ్చారు. డాక్టరమ్మ ఫోన్‌లో నా మెసేజ్‌లు చూపించి, కొలతలు సరిగా వచ్చి ఉంటే పిండం పెట్టేదాన్నే కాదంది. ఆయన రత్నక్క వైపు తిరిగారు.

"ఎవరు కొలిచారు వదినా?"

"నేనే బాబూ."

"టేపు చూడ్డం రాకపోతే రాదని చెప్పాలి కదా! దాని ప్రాణంతో ఆటలా?"

రత్నక్క నా వైపు చూసింది. నిందించే చూపు కాదు. నేను బతుకుతానా అని వెతికే చూపు.

"ఎక్కడో టేపు తప్పుగా పట్టుంటాను బాబూ. చదువు లేనిదాన్ని. నా చెల్లిని నేనే ఇలా చేసుకున్నాను" అని కొంగుతో ముఖం కప్పుకుంది.

నా ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. మాట్లాడలేకపోయాను అని చెప్పుకోవచ్చు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కానీ అంతకు ఐదు నిమిషాల ముందే దాన్ని తీసి, దాహం అని అడిగాను. నేను మాట్లాడగలను. కళ్లు మూసుకున్నాను.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని, పుస్తకంలో ఆ చివరి పేజీ చింపి దాచేయడం. రత్నక్క దాని గురించి ఎప్పుడూ అడగలేదు. తప్పు తనదేనని అంతగా నమ్మింది. ఆ తొమ్మిది నెలలూ నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. మూడు వారాల్లోనే మా ఆయనకి వేరే కంపెనీలో వీసా దొరికింది. అంటే ఆగి ఉండొచ్చు. ఆగి ఉంటే? అప్పుడు పుట్టేది ఈ పాపేనా? మూడేళ్ల నా కూతురు ఇప్పుడు మిషను కింద గుడ్డముక్కలు ఏరుకుంటోంది. దాన్ని చూస్తూ, నేనలా చేసి ఉండకూడదు అని గట్టిగా అనలేకపోతున్నాను. రత్నక్కకి చేసింది మాత్రం తప్పే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

రత్నక్క ఊరికి వెళ్లిపోయి రెండేళ్లయింది. మొన్న వీడియో కాల్‌లో, నీకు జాకెట్లు కుట్టి పంపుతాను, కొలతలు చెప్పక్కా అన్నాను.

"నువ్వే ఊహించి కుట్టెయ్యవే. ఆ రోజు నుంచి నేను టేపు ముట్టలేదు. ఆదివారం ప్రార్థనలో ఇప్పటికీ నీ విషయం తలుచుకుని క్షమించమని అడుగుతాను" అంది, నవ్వుతూనే.

అప్పుడు చెప్పాల్సింది. పాపని చూపించి మాట మార్చేశాను.

ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. నాలుగు లావుపాటి అంకెలు. డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై మూడు, ఎనభై ఐదు. రత్నక్క టేపు సరిగ్గానే పట్టింది. నాలుగు రోజులూ సరిగ్గానే కొలిచింది.