పుర్రెలో గుంట

జాముల్ వెళ్లే బస్సులో, అక్కడి సిమెంటు ప్లాంటు ఉద్యోగం కోసం ఫోన్‌లో రెజ్యూమె మారుస్తున్నాను. పాత ఫ్యాక్టరీ పేరు తీసెయ్యాలి. అక్కడ సమ్మె చేసి గేటు ముందు తన్నులు తిన్నవాళ్లను ఏ కాంట్రాక్టరూ పనిలోకి తీసుకోడు.

ఆ పేరు చెరపబోతుంటే పక్క సీటాయన తొంగిచూసి, నా మణికట్టు విరిగేలా పట్టుకున్నాడు.

"నేనూ ఆ గేటు కాడే ఉన్నానురా తమ్ముడూ. మనం అక్కడ పని చెయ్యనేదేటి?"

విడిపించుకోబోతే నా చేతిని బలవంతంగా తన తలగుడ్డ కిందికి తోశాడు. ఇనపరాడ్డు దిగిన చోట పుర్రెలో గుంట. ఎముక లేదు. పల్చటి చర్మం కింద ఏదో కొట్టుకుంటోంది.

"దీన్ని కూడా డిలీట్ కొట్టెయ్" అని నా చెయ్యి విసిరికొట్టి బస్సు దిగిపోయాడు.

తర్వాత ఎన్ని ఉద్యోగాలకు రెజ్యూమె మార్చానో! ఆ ఫ్యాక్టరీ పేరు మీద వేలు పెడితే చాలు, కింద ఏదో కొట్టుకుంటుంది.