పచ్చిపట్టు రెప్పలు

మా అక్క కనురెప్పల వెంట్రుకలు రోగమొచ్చి రాలలేదు. ఒక్కొక్కటే తనే పీకేసుకుంది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అక్కను హిందూపురం ఇచ్చారు. తొలి కాన్పుకు ధర్మవరం, మా ఇంటికి వచ్చింది. మగబిడ్డ. తొమ్మిదో రోజున పోయాడు. మూడు రోజులు అక్క ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. ఆ తరవాత ఏడుపు ఆగిపోయి ఈ పీకడం పట్టుకుంది. మగ్గానికి కండెలు చుడుతూ చుడుతూ ఉన్నట్టుండి చెయ్యి కంటి మీదికి పోయేది. రెండు నెలలకు రెప్పల అంచున అక్కడక్కడా మొలకలు తప్ప ఏమీ మిగల్లేదు.

అమ్మ అది కంటిజబ్బే అనుకుంది. ఎవరు ఏ ఆకు చెబితే ఆ ఆకు పసరు పోసింది. "ఈ మొగం జూస్తే వాళ్ళు ఏం మాయరోగమో అనుకుంటారు. ఈడనే వదిలేస్తారు," అని కుమిలిపోయేది. అక్కకు కావలసింది ఒక్కటే, బావ దగ్గరికి తిరిగి పోవడం. బిడ్డ పోయినప్పుడు అందరూ ఏదో ఒకటి అడిగారు, ఏం తిన్నావు, ఎట్లా పడుకోబెట్టావు అని. బావ ఒక్కడే ఏమీ అడగలేదట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఇంతలో అక్క అత్తగారి నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె పుట్టిల్లు పెనుకొండ. అక్కడ ఆమె తమ్ముడి మనవణ్ణి తొట్టిలో వేస్తున్నారు, పిల్లను అక్కడికి తీసుకొస్తే అట్నుంచి అటే హిందూపురం పిలుచుకొని పోతామని రాశారు. ఇరవై రోజులు గడువుంది.

ఆ వారంలోనే పెళ్ళిచీరలకని బెంగుళూరు నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. నాయన చీరలు విప్పి చూపిస్తుంటే నేను ఆమె రెప్పల్నే చూస్తున్నాను. అంత పొడుగు రెప్పలు నేనెక్కడా చూడలేదు. ఆమె నవ్వి, సంచిలోంచి చిన్న గొట్టం తీసింది. మస్కారా అంది. అందులో సన్నటి పోగులు కలిపి ఉంటాయని, అవి రెప్పకు అతుక్కొని పొడుగు చేస్తాయని చెప్పి నా ఒక కంటికి రాసి చూపించింది. అద్దంలో నా ఒక కన్ను రాణిగారిది, ఇంకో కన్ను నాది.

పోగులేనా? మా ఇంట్లో పోగులు తప్ప ఇంకేమున్నాయి? అన్నంలో పోగులు, తలలో పోగులు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, నా అంత తెలివైనది ధర్మవరంలో లేదని నా నమ్మకం.

ముందు ఉడికిన పట్టు తీసుకున్నాను. సన్నగా కత్తిరించి ఆముదం దీపపు కాటుకలో కలిపి నా రెప్పలకే రాసుకున్నాను. నిలవలేదు, జారి చెంపల మీద పడింది. "ఏం పాపా, కండ్లకు మీసాలొచ్చినాయే," అన్నాడు నాయన. అప్పుడు తట్టింది. పచ్చిపట్టుకు జిగురుంటుంది. సబ్బు, సోడా వేసి కాగేనీళ్ళలో ఉడకబెడితేగాని అది వదలదు. ఆ జిగురే కదా నాకు కావలసింది. పచ్చిపట్టును పోగు పోగుగా విడదీసి, వడ్లగింజలో సగం చొప్పున కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, కాటుక అద్ది అక్క రెప్పల అంచున అతికించాను. ఆరిపోయాక లాగినా రాలేదు. అక్క అద్దం పట్టుకొని చాలాసేపు చూసుకుంది. బిడ్డ పోయిన తరవాత అక్క నవ్వగా చూడటం అదే మొదలు.

ఒకటే చిక్కు. తడి, వేడి తగిలితే జిగురు కరుగుతుంది. పెనుకొండ పోయే రోజున తెల్లారే అతికించి, అక్కకు గట్టిగా చెప్పాను. "ఏం జరిగినా ఏడ్వాకక్కా. ఏడిస్తే అంతా పోతుంది."

"ఏడ్వనులే," అంది.

నాయన, అక్క, నేను రైల్లో పెనుకొండ పోయాము. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న ఆడమనిషి ఎవరైనా వస్తే, తొట్టిలో వేసేముందు పసివాణ్ణి ఆమె ఒడిలో పెడతారు, మళ్ళీ ఒడి నిండాలని. ఆమె ఏడుస్తుంది. పెద్దామె ఒకతె ఆమెను పట్టుకొని తనూ ఏడుస్తుంది. ఆ తరవాత అందరూ కలిసి తొట్టి ఊపుతారు. ఈ సంగతి మాకు ముందు తెలియదు.

అక్క ఒడిలో పసివాణ్ణి పెట్టింది వాళ్ళ అత్తగారే. పెట్టి, అక్క ఎదురుగా కూర్చుంది. వాడు అక్క కొంగు పిడికిట పట్టుకున్నాడు. అక్క వాడి మీదికి వంగింది. అత్తగారి వెనక నిలబడి, వద్దు వద్దని తల ఊపాను. అక్క నన్ను చూసింది. చూసి పెదవి కొరుక్కొని, కళ్ళు పైకెత్తి దూలాల వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి వాడి పిడికిలి విడిపించి బిడ్డను తిరిగి ఇచ్చేసింది. "బాగుండాడు," అంది.

ఒక్క పోగు కూడా ఊడలేదు. గెలిచామనుకున్నాను.

భోజనాలయ్యాక అత్తగారు నాయనను పక్కకు పిలిచింది. "ఇంకా కొన్నాళ్ళు మీ ఇంట్లోనే ఉండనీండన్నా. మేమే కబురు చేస్తాం," అంది. బావ తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఆ పొద్దు కూడా అతను ఏమీ అడగలేదు.

పెనుకొండ స్టేషనులో అక్క ఏడ్చింది. జిగురు కరిగి రెండు రెప్పలూ అతుక్కుపోయాయి, కళ్ళు తెరవలేకపోయింది. టీ అంగట్లో వేడినీళ్ళు అడిగి తెచ్చి, పైట చెంగుతో ఒత్తి ఒత్తి తీశాను. "రెప్పలు జూసేసినారు పాపా," అంది. నేనూ అదే అనుకున్నాను.

కబురు రాలేదు. ఏడాదిన్నరకు బావకు ఇంకో పెళ్ళయిందని తెలిసింది. ఆ నెల నుంచి అక్క రెప్పలు పీకడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు.

ఇంకో రెండేళ్ళకు నాయనతో హిందూపురం పోయాను, అంగడికి చీరలివ్వడానికి. బజారులో అక్క అత్తగారు నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకొని ఇంటికి పిలుచుకుపోయింది. మజ్జిగ ఇచ్చింది. లోపల ఎవరిదో చంటిబిడ్డ గొంతు వినబడుతోంది. ఉండబట్టలేక అడిగేశాను.

"రెప్పలు లేవనేనా అత్తా, అక్కను వదిలేసింది?"

"ఏం రెప్పలు?" అందామె.

ఆమెకు నిజంగానే తెలియదు. తనే చెప్పింది. "నేనూ ఇద్దర్ని మట్టిలో పెట్టినదాన్నే పాపా. ఆపొద్దు మీ అక్క ఒక్క చుక్క రాలిస్తే ఎత్తి రొమ్ముకు అదుముకుందామని చేతులు సాపి కూసున్నా. రాయి మాదిరి కూసున్నాది. కన్నబిడ్డ మీదే లేని ప్రేమ నా కొడుకు మీద ఏముంటాదని..." అని ఆపేసి కళ్ళు తుడుచుకుంది.

నేనే ఏడవద్దన్నానని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. లోపల ఆ చంటిబిడ్డ ఏడుపు ఎత్తుకుంది, కొత్త కోడలు జోకొడుతోంది. ఇప్పుడు చెప్పి ఎవరికేం చేయగలను? మజ్జిగ తాగి లేచాను. పిరికిదాన్ని.

ఇంటికి వచ్చేసరికి అక్క మగ్గం మీద ఉంది. నేత ఆపకుండానే అడిగింది. "ఆయమ్మ కనపడిందా? ఏమన్నాది?"

బిడ్డ మీద ప్రేమ లేనిదానివనుకున్నారని నేనెట్లా చెప్పేది? "ఆ పొద్దు రెప్పలు చూసిందంట. రోగమనుకున్నారంట," అన్నాను.

అక్క చెయ్యి ఆగింది. కిటికీ వెలుగు కేసి మొహం తిప్పింది. నల్లగా, ఒత్తుగా రెప్పలు.

"మళ్ళీ వచ్చినాయి గదా," అంది. "ఆ మాట చెప్పలేదా నువ్వు?"

మర్చిపోయానన్నాను.