పాదరసం రాయిలా ఉంటుందన్న మా బావ

మా బావ మహిపాల్ పాఠంలో తప్పులు చెబుతాడు. ఎప్పుడో నోరు జారడం కాదు. నిండుగా, గంభీరంగా, బోర్డు మీద రాసి కింద గీత గీసి మరీ చెబుతాడు. అమీర్‌పేటలో ఒక పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో ఆయన జనరల్ సైన్స్ సారు. అందులో లోహాలు, అలోహాలు ఆయనకు ప్రాణం. ఆ పాఠం ప్రాణం తీసేదీ ఆయనే.

నేను అదే సెంటర్‌లో లెక్కలు చెబుతాను. మా రెండు గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ. మనుషుల్ని ఆపుతుంది గానీ మాటల్ని ఆపదు. ఒకరోజు నేను రైలు సొరంగం దాటే లెక్క చెబుతుంటే అవతలినుంచి బావ గొంతు ఖంగుమంది.

"సోడియం మస్తు నాజూకు లోహం. గాలి తగిల్తే ఖరాబైతది. అందుకే నీళ్ల సీసల ఏసి భద్రంగ దాచాలె!"

నా క్లాసంతా గోడవైపు తిరిగింది. సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుందని, దాన్ని కిరోసిన్‌లో దాచాలని బడిపిల్లలకు కూడా తెలుసు. ముందు బెంచీ కుర్రాడు లేచి, "మేడం, జర గోడకు దూరం జరుగుండ్రి. పేలుతది" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను బోర్డువైపు తిరిగి, రాసిన రైలునే మళ్లీ రాశాను. బావను ఆ ఉద్యోగంలో పెట్టించింది నేనే మరి.

పంజగుట్ట మెట్రో స్టేషన్‌లో ఇంకా ఘోరం. ఎస్కలేటర్ మీద నాకు నాలుగు మెట్ల కిందినుంచి బావ క్లాసు కుర్రాడొకడు కేకేశాడు.

"సుకన్య మేడం! బంగారం తుప్పు పడతదని చెప్పిండు మహిపాల్ సర్! నేనే లేచి కరెక్ట్ చేసిన!"

వాడి ముఖం వెలిగిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు మెడల్లోని గొలుసులు తడుముకున్నారు. ఎస్కలేటర్ ఆగిపోయి, నేల చీలిపోతే బాగుండుననిపించింది.

తిన్నగా ఎర్రమంజిల్లో మా అక్క ఉదయలక్ష్మి ఇంటికి వెళ్లాను. "అక్కా, బావ చదివిందంతా మర్శిపోతున్నట్టుంది. డాక్టర్‌కు చూపెడదామా?"

"ఏం మరుపో!" అంది అక్క. "పొద్దుగాల అల్యూమినియం గిన్నెల చింతపులుసు పెట్టిన్నని గంటసేపు పాఠం పెట్టిండు. పులుపు లోహాన్ని తింటదట. ఇంట్ల ఒక్క తప్పు మాట్లాడడు."

అంటే ఒప్పులన్నీ ఇంట్లో ఖర్చుపెట్టేసి, తప్పులు మాత్రం క్లాసుకు మోసుకొస్తున్నాడన్నమాట. నా సిగ్గు రెట్టింపైంది.

అనుకున్నంతా అయింది. ఎవరో విద్యార్థి తండ్రి ఫిర్యాదు చేశాడు. డైరెక్టర్ రవికాంత్ గారు నన్ను పిలిచారు. "ఏంటండీ సుకన్య గారూ ఇది? మీరు చెప్పారని కదా తీసుకున్నాం. రేపు నేనే క్లాసులో కూర్చుంటాను. మీరూ రండి. ఒక్క తప్పు దొర్లినా ఇక కష్టమండీ."

సాయంత్రం బావను పట్టుకున్నాను. "రేపొక్కనాడు అన్నీ సక్కగ చెప్పు బావా. నీ కాళ్లు మొక్కుత."

"ఏం ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు అసలు ఫికర్ మొదలైంది.

మర్నాడు వెనక బెంచీలో నేనూ డైరెక్టర్ గారూ కూర్చున్నాం. బావ అద్భుతంగా చెబుతున్నాడు. రాగిని తీగలా ఎందుకు సాగదీయగలమో, గంధకాన్ని సుత్తితో కొడితే రేకు కాకుండా ఎందుకు పొడి అవుతుందో వింటుంటే నాకే మళ్లీ చదువుకోవాలనిపించింది. డైరెక్టర్ గారు తల ఊపుతున్నారు. అప్పుడు బావ ఆగాడు. కిటికీ మూలకు ఒకసారి చూశాడు. చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఇగ పాదరసం. ఇది రాయి లెక్క గట్టిగ ఉంటది."

డైరెక్టర్ గారి తల ఊగడం ఆగిపోయింది. నేను చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. వింతేమిటంటే క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ ఊపిరి బిగబట్టి ఆ మూలకే చూస్తున్నారు.

మూలనుంచి ఒక అమ్మాయి లేచింది. "సర్... పాదరసం... ద్రవం సర్. లోహమే గానీ... పారుతది."

"అరెరె!" బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఇజ్జత్ కాపాడినవ్ బిడ్డా! నీ పేరేంది?"

"చంద్రిక, సర్." ఈసారి మాట తడబడలేదు. క్లాసంతా చప్పట్లు.

పక్కనున్న అమ్మాయి నా చెవిలో గుసగుసలాడింది. "మేడం, చంద్రిక చేరినప్పటినుంచి నోరు తెరవలే. పేరడిగితే ఏడ్సేది. మాట రానోళ్లను సర్ ఒక్కొక్కర్ని గిట్లనే లేపుతడు. నన్ను సుత లేపిండు. మేమెవ్వరం ముందు చెప్పొద్దు, అంతే."

ఇన్నాళ్లూ సిగ్గుపడ్డందుకు ఇప్పుడు సిగ్గేసింది. చున్నీ తీయడానికే ముఖం చెల్లలేదు.

బయటికొచ్చాక, ఆ గుసగుస తానూ విన్న రవికాంత్ గారు అటూ ఇటూ చూసి, "ఆయన్ని అలాగే కానివ్వండి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన చెప్పిన తీరుకు పాదరసం సంగతి నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చిందండీ!"

కొన్ని వారాలకు చంద్రికను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరోజు గోడ అవతలినుంచి బావ గొంతు వినిపించింది.

"అలోహాలల్ల కరెంటు పారదు. ఒక్కదాంట్ల సుత పారదు!"

"పారుతది సర్! గ్రాఫైట్ అలోహమే, కానీ దాంట్ల పారుతది!"

బావ "అరెరె" అనలేదు, నెత్తి కొట్టుకున్న చప్పుడూ లేదు. నాకు అనుమానం వచ్చింది.

క్లాసయ్యాక టీ కొట్టు దగ్గర అడిగాను. "గ్రాఫైట్ ముచ్చట సుత కావాలనే చెప్పినవా బావా?"

బావ గ్లాసులోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ... కావాలనే" అన్నాడు. నేను చూపు తిప్పలేదు.

"కాదు" అన్నాడు చివరికి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "నిజంగనే యాది మరిచిన. పోరి పట్టేసింది సుకన్యా!"

అంత సిగ్గుపడుతూ అంత సంతోషపడే మనిషిని నేనెక్కడా చూడలేదు.